అర బస్తా లెక్క

ఇరవై నాలుగేళ్ల కిందటి ఆగస్టులో, కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో, యరగేరకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఒక పత్తి చేనులో పద్దెనిమిది మంది ఆడపిల్లలు వరసల్లో నిలబడి పని చేస్తున్నారు. అది విత్తనాల పత్తి. ముందురోజు సాయంత్రం మొగ్గ విప్పి లోపలి పుప్పొడి కాడల్ని గోటితో గిల్లి తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఆ మొగ్గకు రుద్ది, గుర్తుకు దారం కట్టాలి. ఊళ్లో దీన్ని క్రాసింగ్ పని అనేవారు. మొక్క పన్నెండేళ్ల పిల్ల భుజం దాకా వస్తుంది. పిల్లల వేళ్లకు మొగ్గ చెడదు. అందుకని పిల్లల్నే పిలిచేవారు. రోడ్డు మీద బస్సులో పోయేవాళ్లకు ఆడపిల్లలు పాట పాడుకుంటూ పూలు కోస్తున్నట్టు కనిపించేది.

ఆ పద్దెనిమిది మందిలో హంపమ్మ ఒకతె. అప్పుడు ఆమె ఏడో తరగతి. జూలైలో చేనుకు పోయింది, నవంబరు ఆఖర్న తిరిగి వచ్చింది. ఏప్రిల్‌లో పాసైందని చెప్పారు. ఎనిమిదో తరగతికి యరగేర పోవాలి. పంపలేదు. పదహారో ఏట తిప్పన్నతో పెళ్లయింది. తిప్పన్న రాయచూరు మార్కెట్ యార్డులో హమాలీ. తర్వాత ఆమె ఊరి అంగన్‌వాడీలో ఆయాగా చేరి పదకొండేళ్లు పని చేసింది. పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకొచ్చేది, వండేది, తుడిచేది, పాటలు చెప్పేది. పాటలు చెప్పడం టీచరు పని. టీచరు సౌభాగ్యమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఆ పని కూడా హంపమ్మ మీదే పడింది.

సౌభాగ్యమ్మ వచ్చే ఏడాది జూన్ ముప్పైన రిటైరవుతుంది. ఆ లోపల పదో తరగతి పాసైతే ఆ టీచరు పోస్టు హంపమ్మకే ఇస్తామని సూపర్‌వైజరు చెప్పి వెళ్లింది. పాసు కాకపోతే బయటి నుంచి ఎవరో వస్తారు. హంపమ్మ వాళ్ల దగ్గర కూడా తుడుస్తూనే ఉంటుంది.

ప్రైవేటుగా పరీక్ష కట్టాలంటే ఏడో తరగతి సర్టిఫికెట్ కావాలి. ముప్పై ఆరేళ్ల మనిషి తను చదివిన బడికి పోయి హెడ్మాస్టరు ముందు నిలబడింది. మహదేవప్ప మేష్ట్రు పాత రిజిస్టర్లు తీయించి, పేరు వెతికి, అందులో ఉన్నది కాగితం మీదికి ఎక్కించి చేతికిచ్చాడు. ఇంట్లో మాట తెలుగు, బడి చదువు కన్నడ; హంపమ్మ ఆ కన్నడను కూడబలుక్కుని చదివింది. ఆ ఏడు బడి నడిచిన దినాలు రెండు వందల పద్దెనిమిది. ఆమె హాజరైన దినాలు రెండు వందల నాలుగు.

ఆమె మళ్లీ చదివింది. తను ఐదు నెలలు బడికే రాలేదని మేష్ట్రుతో చెప్పింది. మహదేవప్ప ఆశ్చర్యపోలేదు. అప్పుడు తను ఆ బడిలో లేననీ, అయినా జరిగింది తెలుసనీ అన్నాడు. పిల్లల పేర్లు కొట్టేస్తే సంఖ్య పడిపోతుంది, సంఖ్య పడిపోతే ఒక మేష్ట్రు పోస్టు పోతుంది, అందుకని పాత మేష్ట్రు హాజరు వేస్తూ పోయాడు. ఎంతైనా పిల్లల మేలుకే చేశాడు, ఆ హాజరు లేకపోతే ఈ రోజు నీకు ఈ కాగితం దొరికేదా అని అడిగాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. అదే ఆమెకు మింగుడు పడలేదు. ఆ సాయంత్రం తిప్పన్న అన్నం తింటుంటే చెప్పింది.

“నేను రాలేదని రాసుంటే ఎవరన్న ఒకరు ఇంటికొచ్చి అడుగుతుండె గద, పిల్ల ఏడ పోయిందని. వచ్చిందని రాసిండ్రు. ఇంగ ఎవరు అడుగుతరు?”

ఆ చేనులో పని చేసిన పద్దెనిమిది మంది పేర్ల ఎదుటా అట్లాగే రాసి ఉంటుందన్న సంగతి ఆమెకు పడుకున్నాక తట్టింది.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక రెండు గంటలు ఖాళీ దొరుకుతుంది. ఆ రెండు గంటలు సౌభాగ్యమ్మ గోడకు ఆనుకుని కూర్చుని పాఠం చెప్పేది. ఆమె పదో తరగతి పాసై నలభై ఏళ్లు దాటింది. చరిత్ర, కన్నడ, విజ్ఞానం ఎట్లాగో నడిచాయి. లెక్కల పుస్తకం తెరిచేసరికి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

వరసగా పెరిగే అంకెల మొత్తం కట్టే పాఠం దగ్గర హంపమ్మ వారం రోజులు ఆగిపోయింది. పుస్తకంలో సూత్రం ఉంది. సూత్రం నోటికి వచ్చింది, ఎందుకో తెలియలేదు. ఒక ఆదివారం తిప్పన్న పక్కన కూర్చుని ఏంది గోల అన్నాడు. ఆమె లెక్క చదివి వినిపించింది. గోదాములో అడుగు వరసలో ఇరవై బస్తాలు, పైకి పోయేకొద్దీ వరసకు ఒకటి తక్కువ, పై వరసలో ఐదు, మొత్తం ఎన్ని.

తిప్పన్న పదమూడేళ్లుగా బస్తాలు అట్లాగే పేరుస్తున్నాడు. రెండు వందలు అని వెంటనే చెప్పాడు. ఎట్లా వచ్చిందంటే, అదేం అడుగుతవే అన్నట్టు చూశాడు.

“కింది వరస, మీది వరస ఒక జత. ఇరవై, అయిదు, ఇరవై అయిదు. దాని లోపలి రెండు వరసలు గూడ ఇరవై అయిదే. గిట్ల ఎనిమిది జతలు. ఇంగ ఏముంది?”

“పదహారు వరసలని ఎట్ల చెప్తవ్? ఇరవైల అయిదు తీస్తే పదిహేనే గద.”

“తీసేస్తే ఒక వరస పోతది. వేళ్ల మీద లెక్కబెట్టు. కొత్త హమాలీలంత ఆడనే గల్తి చేస్తరు.”

ఆమె వేళ్ల మీద లెక్కబెట్టింది. పదహారు వచ్చాయి. పుస్తకంలోని సూత్రం కూడా ఇదే చెబుతోందని ఆమెకు అప్పుడు అర్థమైంది. బడికి పోని మనిషి చెప్పగా అర్థమైంది.

పరీక్షకు దరఖాస్తు గురునాథ్ ద్వారా వెళ్లింది. రాయచూరులో అతనికి ఒక ట్యుటోరియల్ ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో ప్రైవేటుగా పరీక్ష రాసే పెద్దవాళ్ల కాగితాలన్నీ అతనే నడిపిస్తాడు. ఆ ఏడు అతని చేతి కింద హంపమ్మతో కలిపి ఇరవై నలుగురు. వాళ్లలో హంపమ్మ వీధిలోని అయ్యమ్మ కూడా ఉంది. అయ్యమ్మకు నలభై ఒకటి. రైస్ మిల్లులో బస్తాల మూతి కుట్టే పని. హాస్టల్లో వంటమనిషి పోస్టుకు పదో తరగతి కాగితం అడిగారు. మిల్లు దుమ్ములోంచి బయటపడడానికి ఆమెకు కనిపించిన దారి అదొక్కటే. పొద్దున ఎనిమిదికి పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషి పుస్తకం ఎప్పుడు తెరవాలి? తెరవలేదు. తెరవాల్సిన పని లేదని గురునాథ్ ముందే చెప్పాడు.

హంపమ్మతో కూడా అదే అన్నాడు.

“పుస్తకాలతోని ఎందుకు పరేశాన్ అవుతున్నవ్ అక్కా? పెన్ను పట్టుకొని రా. మిగతది నేను చూసుకుంట.”

ఏప్రిల్‌లో పరీక్షలు మొదలయ్యాయి. ఇరవై నలుగురికీ ఒకే గది వచ్చింది. మొదటి రోజు కన్నడ పేపరు. గంట కొట్టిన అరగంటకు కిటికీలోంచి ఒక చీటీ లోపలికి వచ్చింది. గదిలో కాపలా ఉన్న మేష్ట్రు దాన్ని చూసి బోర్డు మీద జవాబులు రాయడం మొదలుపెట్టాడు. ఇరవై మూడు తలలు పైకి లేచాయి, వంగాయి. హంపమ్మ బోర్డు వైపు చూడకుండా తనకు వచ్చింది రాసింది. బయటికి వచ్చాక గురునాథ్ ఆమెను పక్కకు పిలిచాడు.

“ఇరవై మూడు పేపర్లు ఒక్క తీరుగ ఉన్నయ్. నీదొక్కటే వేరే ఉందంట. దిద్దేటోళ్లకు అనుమానం వస్తది. నీ ఒక్కదానితోని అందరు మునుగుతరు.”

“నాది నేను రాసిన సారు.”

“అదే గల్తి అక్కా.”

పాఠకులు ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఆ గదిలో ఒక్క పేపరు మాత్రమే నిజం. ఆ ఒక్క పేపరే అందరికీ ప్రమాదమైంది. గురునాథ్ ఆ మాట బెదిరింపుగా అనలేదు. బస్సు తప్పిపోతుంది, తొందరగా రా అన్నట్టు అన్నాడు. ఇరవై ఏళ్లుగా అతను చేస్తున్న పని అదే, ఊళ్లలో అతన్ని చదువులేనివాళ్ల పాలిటి దేవుడు అనేవాళ్లూ ఉన్నారు.

నాలుగో రోజు లెక్కల పేపరు. మూడో ప్రశ్న బస్తాల లెక్క. అడుగు వరసలో ఇరవై ఐదు, పై వరసలో పది, వరసకు ఒకటి తక్కువ, మొత్తం ఎన్ని. హంపమ్మ వేళ్ల మీద వరసలు లెక్కబెట్టింది, పదహారు. పేపరు అంచున ఎనిమిది జతలు గీసి, జతకు ముప్పై ఐదు వేసి, రెండు వందల ఎనభై అని రాసింది. తల ఎత్తితే బోర్డు మీద వేరే జవాబు ఉంది. చీటీ రాసినవాడు ఇరవై ఐదులోంచి పది తీసి పదిహేను వరసలు పట్టుకున్నాడు. జవాబు రెండు వందల అరవై రెండున్నర బస్తాలు.

పక్క బెంచీలో అయ్యమ్మ పెన్ను ఆగింది. ఆమె బోర్డు వైపు చూసింది, మేష్ట్రు వైపు చూసింది. మేష్ట్రు రాయమన్నట్టు చెయ్యి ఊపాడు. అయ్యమ్మ రాసింది.

పది నిమిషాలకు తనిఖీ బృందం వచ్చింది. బోర్డు తుడిచేలోపే లోపలికి వచ్చారు. గదిలో ఉన్న ఇరవై నాలుగు పేపర్లూ లాక్కున్నారు. తను బోర్డు చూడలేదని హంపమ్మ చెప్పింది. అందరూ అదే అంటారని తనిఖీకి వచ్చిన ఆమె అంది. గది మొత్తం మీద, చూసి రాశారని నకలు కేసు రాశారు. మిగతా రెండు పేపర్లు మాత్రం రాయనిచ్చారు.

రెండు రోజుల తర్వాత గురునాథ్ అచ్చు కాగితాలు పట్టుకుని ఊరికి వచ్చాడు. బోర్డు చూసి రాశాను, తప్పయింది, మాఫీ చేయండి అని వాటిలో ఉంది. కింద సంతకం పెడితే జూన్‌లో మళ్లీ రాయనిస్తారని చెప్పాడు. పెట్టకపోతే విచారణ, విచారణ అంటే ఆరు నెలలు, అప్పటిదాకా ఆరు పేపర్లూ ఆగిపోతాయి. జూన్ ముప్పైన సౌభాగ్యమ్మ రిటైరవుతుందని అతనికి తెలుసు. అది కూడా గుర్తు చేశాడు. ఇరవై ముగ్గురూ సంతకాలు పెట్టారు.

తిప్పన్న కూడా పెట్టేయమన్నాడు. “పోస్టు చేతికొచ్చే టైముల ఇదేంది? జూన్‌ల మళ్ల రాస్తవ్. సంతకమే గద.”

“నేను బడికి పోకున్న హాజరేసి, దాని కింద గూడ మేష్ట్రు సంతకమే పెట్టిండు,” అంది హంపమ్మ. కాగితం మడిచి గురునాథ్ చేతికి ఇచ్చేసింది.

ఆ రాత్రి ఆమెకు కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. పోస్టు పోతే ఈ ఇంట్లో ఆ మాట ఎన్నేళ్లు వినాలో ఆమెకు తెలుసు.

మే నెలలో రాయచూరులో ఒక ఆఫీసుకు అందరినీ పిలిచారు. వరండాలో బెంచీల మీద ఇరవై ముగ్గురు. లోపల బల్ల వెనక ముగ్గురు. వాళ్లలో ఒకామె రిటైరైన లెక్కల టీచరు, రాయచూరు పాత ఊరి తెలుగామె. ముందు మాట్లాడిన ఆయన సంతకం పెట్టడానికి ఏం నొప్పి, అందరూ పెట్టారు కదా అని కన్నడలో అడిగాడు. తను నకలు రాయలేదని హంపమ్మ చెప్పింది. ఏడో తరగతితో ఆగిపోయిన ఆయా, ఇరవై నాలుగేళ్ల తర్వాత, బోర్డు మీద జవాబులు ఉండగా చూడకుండా రాసిందంటే ఎవరు నమ్ముతారని ఆయన పక్కాయనతో అన్నాడు. ఆమెతో అనలేదు. ఆమె అక్కడే నిలబడి ఉంది.

లెక్కల టీచరు ఇరవై నాలుగు పేపర్లూ ముందు వేసుకుని మూడో ప్రశ్న దగ్గర ఒక్కొక్కటీ తిప్పుతోంది. ఇరవై మూడింటిలో రెండు వందల అరవై రెండున్నర. ఒకదానిలో రెండు వందల ఎనభై, అంచున ఎనిమిది జతల గీతలు.

“ఈ గీతలు ఏందమ్మా?” అని తెలుగులో అడిగింది.

హంపమ్మ చెప్పింది. తిప్పన్న హమాలీ అనీ, కింది వరసా పై వరసా జత కట్టి లెక్కబెడతారనీ, తీసివేతలో ఒక వరస తప్పిపోతుందనీ చెప్పింది. లెక్కల టీచరు పేపరు మీంచి కళ్లు తీయకుండా విన్నది. సంతకం సంగతి ఏమంటావని అడిగింది.

“నేను బడికి పోని నూరు దినాలు పోయిందని రాసిండ్రమ్మా. అది నా మేలుకే అన్నరు. ఇప్పుడు చెయ్యని నకలు చేసిందని రాయమంటుండ్రు. ఇది గూడ నా మేలుకేనంట. నా మేలు మీరు పక్కన పెట్టుండ్రి. ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి, చాలు.”

అక్కడితో ఆపితే సరిపోయేది. ఆమె ఆపలేదు.

“వాళ్లతోని నన్ను కలపొద్దు. వాళ్లు దొంగతనం చేసిండ్రు. నేను చెయ్యలే.”

తలుపు తెరిచే ఉంది. వరండాలో మొదటి బెంచీ మీద అయ్యమ్మ కూర్చుని ఉంది.

మూడు వారాలకు నిర్ణయం వచ్చింది. హంపమ్మ పేపర్లు దిద్దమన్నారు. లెక్కల్లో యాభై ఎనిమిది వచ్చాయి. ఆరింటిలోనూ పాసైంది. జూలైలో ఆమెను టీచరుగా వేశారు. మిగతా ఇరవై ముగ్గురి సంతకాలూ వాళ్ల మీదే సాక్ష్యమయ్యాయి. తప్పు వాళ్లే ఒప్పుకున్నారు కాబట్టి వాళ్లను లోపలికి పిలిచి అడగనే లేదు. జూన్‌లో రాయనివ్వలేదు సరికదా, ఏడాది పాటు ఏ పరీక్షకూ కూర్చోవద్దన్నారు. బోర్డు మీద రాసిన మేష్ట్రును వేరే ఊరికి మార్చారు. గురునాథ్‌కు ఏమీ కాలేదు. ఇన్ని కాగితాలు నడిపిన మనిషి ఒక్క కాగితం మీద కూడా తన సంతకం పెట్టలేదు.

హంపమ్మ అయ్యమ్మ ఇంటికి వెళ్లింది. అయ్యమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. లేవలేదు.

“టీచరమ్మ వచ్చింది, కుర్చీ ఎయ్యుండ్రి,” అని ఇంట్లోకి కేక వేసింది. తర్వాత చేట మీంచి తల ఎత్తకుండానే అంది. “దొంగలింటికి ఎందుకొచ్చినవ్ తల్లీ? ఏమన్న పోతదేమో, చూసుకో.”

హంపమ్మ కింద కూర్చుంది. అయ్యమ్మ కాసేపు రాళ్లు ఏరి పక్కకు వేసింది.

“పందొమ్మిదేండ్ల నుంచి బస్తాల మూతి కుడుతున్న. అర బస్తాను వరసల ఎవడు పెడ్తడు హంపమ్మా? మూతి కుట్టనిదే బస్తా లేవదు. ఆ లెక్క నాకు తెల్వదా? రాసేటప్పుడు నా చెయ్యి ఆగింది. నువ్వు చూసినవ్.”

“చూసిన అక్కా.”

“సారు రాయి అన్నడు. నాకంటె చదువుకున్నోడు గద అని రాసిన. నాకు చదువు రాదు, సరే. వచ్చింది గూడ నన్ను రాయనియ్యలే.”

హంపమ్మ ఇంటికి నడుస్తూ ఆ మాటే తలుచుకుంది. ఇరవై ముగ్గురిలో హమాలీలు ఉన్నారు, తాపీ పనివాళ్లు ఉన్నారు, మిల్లు కూలీలు ఉన్నారు. వాళ్లలో ఒక్కరికీ గోదాములో అర బస్తా ఉండదని తెలియకపోలేదు. ఒక్కరూ ఆ మాట రాయలేకపోయారు. తనకు ఒక సౌభాగ్యమ్మ దొరికింది, మధ్యాహ్నం రెండు గంటలు దొరికాయి. అయ్యమ్మకు చీటీ దొరికింది. ఈ తేడాను తను లోపల బల్ల ముందు నిలబడి దొంగతనం అని చెప్పి వచ్చింది.

ఆగస్టు చివర్లో గురునాథ్ మళ్లీ వచ్చాడు. అంగన్‌వాడీ ముందు మోటారుసైకిల్ ఆపి, పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చిన ఆడవాళ్లకు రంగు కాగితాలు పంచాడు. కాగితం మీద హంపమ్మ ఫోటో ఉంది. ఆయా టీచరైంది, మీరూ కావచ్చు అని దాని కింద ఉంది. ఆ ఫోటో ఆమె పరీక్ష దరఖాస్తులోది. నన్ను అడిగారా అని హంపమ్మ అడిగితే, మీ పేరు పెంచాను కదా అక్కా అని నవ్వాడు. పాత సంగతి మర్చిపోవాలన్నాడు. కొందరి మీద నిషేధం ఉంది, దానికీ దారి ఉంది, వేరే బోర్డు పరీక్ష, వేరే సెంటరు అన్నాడు. ఆ రోజు మిల్లుకు సెలవై, మనవరాలి కోసం వచ్చి చివరన నిలబడ్డ అయ్యమ్మను చూసి ఆమె చేతిలో కూడా ఒక కాగితం పెట్టబోయాడు.

“ఈసారి ఫికర్ లేదు పెద్దమ్మా. అంత నేనే చూసుకుంట.”

అయ్యమ్మ చెయ్యి చాపలేదు.

“నువ్వు చూసుకునుడు వద్దు సారు. నేర్పుతవా? నేర్పితే చెప్పు, మిల్లుకు సగం పూట పోత, వస్త.”

గురునాథ్ చుట్టూ చూశాడు. ఈ వయసులో నేర్చుకునేదేముంది, కావాల్సింది కాగితం కదా అన్నాడు. అందరూ ఔనంటారని ఆగాడు. ఒకామె తన చేతిలోని కాగితాన్ని మడిచి అతని సీటు మీద పెట్టింది. ఇంకొకామె కూడా పెట్టింది.

హంపమ్మ మెట్లు దిగి వచ్చి అయ్యమ్మ పక్కన నిలబడింది.

“ఆఫీసుల నేను మిమ్మల్ని దొంగలన్న,” అని అయ్యమ్మతో, అందరికీ వినపడేట్టు అంది. “అది తప్పు మాట. బోర్డు చూసి రాసినోళ్లు దొంగలు కాదు. నేర్పకుండ పాస్ చేసేటోళ్లే దొంగలు.”